క్రూయిజర్ బైకుకి ముందు వైపు స్ప్రింగులు మార్పించాను, నా అనుభవం

350 సీసీ క్రూయిజర్ (కాళ్ళు ముందుకి పెట్టి కూర్చునే బైకు) నడిపేవాళ్ళలో ఎక్కువమంది తిట్టేది వెనక షాకబ్జర్లని. నడుం నొప్పి, స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక కూర్చున్న మనిషి ఎగిరిపడటం, ఇవన్నీ నాకూ ఉన్నాయి. కానీ నన్ను నిజంగా భయపెట్టింది ముందు వైపు. నల్గొండ నుంచి మిర్యాలగూడ వైపు వెళ్ళేవాళ్ళకి తెలుసు, రైస్ మిల్లుల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. వాటి మధ్యలోంచి ఊరి రోడ్డులోకి తిరిగితే, యాసంగి కోతల కాలంలో రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, వాటి చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. (రైతుల్ని అనలేం, జాగా లేకపోతే వాళ్ళు మాత్రం ఎక్కడ పోస్తారు.) మిగిలిన సగం రోడ్డులో ఎదురుగా ట్రాక్టర్ వస్తే బ్రేక్ గట్టిగా పట్టాల్సిందే. పట్టగానే ముందు భాగం మొత్తం కిందికి కూరుకుపోయేది, సరిగ్గా అప్పుడే ఒక గుంత తగిలితే ధన్‌మని ఇనుము ఇనుముకి కొట్టుకున్న చప్పుడు హ్యాండిల్ దాకా వచ్చేది. ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని ఉండే కాళ్ళు, స్ప్రింగులు వాటి లోపలే ఉంటాయి) చివరిదాకా దిగిపోయాక ఇక చక్రం పైకి కదలడానికి చోటు ఉండదు. అప్పుడు టైరు రోడ్డుని వదిలి గెంతుతుంది, బ్రేక్ మీదే ఉన్న బండి అలా గెంతితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఎవరిని అడిగినా ఒకటే సలహా. చిక్కటి ఆయిల్ పోయించు, సెట్ అయిపోతుంది అని. నేను ఎప్పుడూ బండి చూపించే మెకానిక్ కూడా అదే అన్నాడు. "అన్నా, గిదంత ఎందుకే, మందం ఆయిల్ పోస్తా, పత్తర్ అయితది సూడు." పత్తర్ అవ్వడమే నాకు వద్దు. మన దగ్గర బండి గట్టిగా ఉంటే బాగున్నట్టు అనే ఒక నమ్మకం ఉంది, దానికి కారణం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆయిల్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. మన మామూలు బళ్ళలో ఉండే టెలిస్కోపిక్ ఫోర్కు లోపల ఒక రాడ్ ఉంటుంది, దానికి చిన్న రంధ్రాలు. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా ఆయిల్ ఆ రంధ్రాల్లోంచి దూరి పోవాలి. మెల్లగా కదిలితే అడ్డు పెద్దగా ఉండదు, వేగంగా కదిలితే మాత్రం అడ్డు ఒక్కసారిగా పెరుగుతుంది, వేగం రెట్టింపు అయితే అడ్డు దాదాపు నాలుగు రెట్లు. చిక్కటి ఆయిల్ పోస్తే బ్రేక్ పట్టినప్పుడు ముందు భాగం కొంచెం నిదానంగా దిగుతుంది, అంతే. బ్రేక్ అలాగే పట్టి ఉంచితే చివరికి దిగేది అంతే లోతుకి దిగుతుంది, ఎందుకంటే బరువుని మోసేది స్ప్రింగు గానీ ఆయిల్ కాదు. పైగా గుంత అంచు తగిలినప్పుడు చక్రం చాలా వేగంగా పైకి లేవాలి, చిక్కటి ఆయిల్ లేవనివ్వదు, ఆ దెబ్బంతా మణికట్టులోకి వస్తుంది. అంటే మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా అవుతుంది.

అందుకే ఏదీ కొనకముందు కొలిచాను. దీన్ని శ్యాగ్ అంటారు, అంటే బండి మీద మనం కూర్చుంటే ఫోర్కు ఎంత దిగుతుంది అని. కావాల్సింది ఒక జాకీ, ఒక టేపు, ఇంకో ఇద్దరు మనుషులు. ముందు చక్రం గాల్లో ఉండేలా ఇంజిన్ కింద జాకీ పెట్టి, పూర్తిగా సాగిన ఫోర్కులో మెరిసే రాడ్ ఎంత పొడవు కనబడుతుందో కొలవాలి. తర్వాత హెల్మెట్, జాకెట్, బూట్లు అన్నీ వేసుకుని, మామూలుగా ఎలా కూర్చుంటామో అలాగే కాళ్ళు ముందుకి పెట్టి కూర్చోవాలి. మా ఆవిడ టేపు పట్టుకుంది, పక్కింటి పిల్లాడు బండి పట్టుకున్నాడు. కిందికి నొక్కి మెల్లగా వదిలితే ఒక అంకె వస్తుంది, పైకి లేపి మెల్లగా వదిలితే ఇంకో అంకె వస్తుంది, ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళ రాపిడి వల్ల రెండూ ఒకటి కావు. వాటి సగటు తీసి మొదటి కొలతలోంచి తీసేస్తే అదే శ్యాగ్. క్రూయిజర్లలో ఫోర్కు బాగా ముందుకి వాలి ఉంటుంది కాబట్టి ఈ రాపిడి ఇంకొంచెం ఎక్కువే కనబడుతుంది.

నాకు వచ్చింది 51 మి.మీ. ఫోర్కు మొత్తం కదలిక 130 మి.మీ. మామూలు రోడ్డు బండికి మనిషి కూర్చున్నాక మొత్తం కదలికలో పావు నుంచి మూడో వంతు దాకా దిగడం సరి అంటారు, అంటే నాకు 33 నుంచి 43 లోపు రావాలి. నేనేమో ఊరికే కూర్చుంటేనే 51 తినేస్తున్నాను, నా బరువు 96 కిలోలు మరి. కంపెనీవాళ్ళు స్ప్రింగు పెట్టేది సగటు మనిషిని దృష్టిలో పెట్టుకుని, ఆ సగటు నేను కాదు.

ఇక్కడ ఇంకో చిట్కా చెప్పేవాళ్ళుంటారు, స్ప్రింగు పైన వాషర్లు వేసి బిగించమని. దాన్ని ప్రీలోడ్ అంటారు. 10 మి.మీ. వాషర్లు వేస్తే బండి ముందు భాగం దాదాపు 10 మి.మీ. లేస్తుంది, శ్యాగ్ కూడా కాగితం మీద సరిపోతుంది. కానీ స్ప్రింగు గట్టిదనం ఏమీ మారదు, మొదలయ్యే చోటు మాత్రమే మారుతుంది. పైగా మరీ ఎక్కువ బిగిస్తే గుంత దాటాక ఫోర్కు పూర్తిగా సాగి చివర్లో టక్కుమని తగులుతుంది. శ్యాగ్ నాలుగైదు మి.మీ. తేడా ఉంటే వాషర్లు చాలు, నాలాంటి తేడాకి స్ప్రింగే మార్చాలి.

స్ప్రింగుల్లో రెండు రకాలు. లీనియర్ అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే గట్టిదనం. ప్రోగ్రెసివ్ అంటే ఒక చివర చుట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, మొదట్లో మెత్తగా ఉండి దిగే కొద్దీ గట్టిపడుతుంది. క్రూయిజర్లకి ప్రోగ్రెసివే అని చాలామంది అంటారు, నెదర్లాండ్స్‌కి చెందిన హైపర్‌ప్రో లాంటి కంపెనీలకి దాంట్లోనే పేరు. నేను మాత్రం లీనియర్ తీసుకున్నాను. నా బరువుకి ఆ మెత్తటి చుట్లు కూర్చోగానే మూసుకుపోతాయి, ఇక వాటి వల్ల నాకు ఒరిగేది ఏముంది అనిపించింది. 60, 65 కిలోల మనిషి, ఒక్కోసారి వెనక ఇద్దరు పిల్లలు, ఇలా లోడు మారుతుండేవాళ్ళకి ప్రోగ్రెసివ్ నచ్చొచ్చు.

కొనడం దగ్గర కొంచెం తిరిగాను. హైదరాబాద్ రాణిగంజ్‌లో అడిగితే "హార్డా, సాఫ్టా?" అన్నారు తప్ప నా బరువు ఎంత అని ఎవరూ అడగలేదు. బరువు అడగకుండా స్ప్రింగు అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి, నా మాట వినండి. చివరికి బెంగళూరు నుంచి కొరియర్‌లో తెప్పించాను, పాతదానికంటే సుమారు 20 శాతం గట్టివి. అమ్మినాయన ఫోన్‌లోనే బండి బరువు, నా బరువు, మా ఆవిడ ఎంత తరచుగా ఎక్కుతుంది, అన్నీ అడిగాడు. చివరి ప్రశ్న మా ఆవిడకి నచ్చలేదు.

కొత్త స్ప్రింగు పాతదానికంటే పొట్టిగా ఉంది, కాబట్టి పైన పెట్టే గొట్టం ముక్క కొత్తగా కావాలి. పీవీసీ పైపు కోసి పెట్టినా పనిచేస్తుంది, చాలామంది అదే చేస్తారు. కానీ మా నల్గొండలో బోరు మోటార్ల షాఫ్టులు తిప్పే లేత్‌లకి కరువు లేదు కదా, అల్యూమినియం గొట్టం ఇచ్చి రెండు ముక్కలు ఒకే కొలతకి తిప్పించాను. లేత్ ఆయన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "మోటర్ సైకిల్‌లకా? గింత చిన్నదానికి ఇంత ముచ్చటా!" అన్నాడు, అయినా అంచులు నున్నగా చేసి ఇచ్చాడు. పాత అమరికలో స్ప్రింగు ఎంత నొక్కుకుని ఉండేదో కొత్తదాంట్లోనూ అంతే ఉండేలా పొడవు లెక్క చూసుకున్నాను.

బిగించే పని మా మెకానిక్ దగ్గరే. పత్తర్ అన్నాయనే, కానీ చెయ్యి మంచిది, అడిగింది చేస్తాడు. ఫోర్కుని బండి నుంచి తియ్యకముందే పై మూత వదులు చెయ్యాలి, దానికంటే ముందు మూతని పట్టుకుని ఉండే పై క్లాంపు బోల్టు వదులు చెయ్యాలి, లేకపోతే మూత తిరగదు, పానా జారి అంచులు అరిగిపోతాయి. మూత చివరి మరలు ఊడేటప్పుడు స్ప్రింగు కింద నుంచి తంతుంది, మొహం పక్కకి పెట్టుకోవాలి. లోపలి ఆయిల్ బూడిద రంగులో, చేపల వాసనతో బయటికి వచ్చింది. అప్పటిదాకా దాన్ని ఎవరూ మార్చినట్టు లేరు. ఎలాగూ విప్పాం కాబట్టి ఆయిల్ సీళ్ళు, డస్ట్ సీళ్ళు కూడా మార్పించాను.

కొత్త ఆయిల్ పాతదానికంటే కొంచెమే చిక్కనిది పోశాం. కారణం ఉంది, గట్టి స్ప్రింగు నొక్కుకున్నాక తిరిగి గట్టిగానే తంతుంది, దాన్ని ఆపడానికి కొంచెం ఎక్కువ అడ్డు కావాలి. అయితే డబ్బా మీద చిక్కదనానికి గుర్తుగా 10డబ్ల్యూ, 15డబ్ల్యూ అని ఉండేవాటిని గుడ్డిగా నమ్మకూడదు. ఫోర్కు ఆయిల్స్‌లో ఒక కంపెనీ పది, ఇంకో కంపెనీ పది ఒకటి కావు. 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే అంకె) ఎంత అని డబ్బా మీదో కంపెనీ డేటా షీట్‌లోనో ఉంటుంది, పోల్చాల్సింది ఆ అంకెని. నల్గొండ మే ఎండలో ఆయిల్ ఎలాగూ పల్చబడుతుంది, అది కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఎంత పొయ్యాలి అనేది మిల్లీలీటర్లతో వదిలెయ్యకూడదు. స్ప్రింగు బయట పెట్టి, ఫోర్కుని పూర్తిగా కిందికి దింపి, గాలి బుడగలు పోయేదాకా మెల్లగా పైకీ కిందికీ ఆడించి, అప్పుడు గొట్టం పై అంచు నుంచి ఆయిల్ దాకా ఎంత ఖాళీ ఉందో కొలవాలి. ఆ ఖాళీలో ఉండే గాలి కూడా ఒక స్ప్రింగే, ఖాళీ తగ్గిస్తే చివర్లో గట్టిపడుతుంది. మరీ తగ్గిస్తే సీళ్ళు తట్టుకోలేవు. ఎక్కువైన ఆయిల్‌ని సిరంజికి సన్న ట్యూబు తగిలించి లాగేశాం, రెండు వైపులా ఒకే కొలత వచ్చేదాకా. మెకానిక్‌కి ఇక్కడ ఓపిక అయిపోయింది, టీ తెప్పించాల్సి వచ్చింది.

చక్రం బిగించాక యాక్సిల్ పక్కన ఉండే చిన్న బోల్టుని వెంటనే బిగించెయ్యకుండా, బండిని కింద పెట్టి ముందు బ్రేక్ పట్టి ఫోర్కుని గట్టిగా ఊపాలి. ఫోర్కు రెండు కాళ్ళూ ఒకదానికొకటి సమానంగా సర్దుకుంటాయి, తర్వాత ఆ బోల్టు బిగించాలి. ఇది చెయ్యకపోతే ఎంత మంచి స్ప్రింగు వేసినా ఫోర్కు ఇరుక్కుని కదులుతుంది, చాలా షాపుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

అన్నీ కలిపి నాకు 11 వేలు దాటింది. మళ్ళీ కొలిస్తే శ్యాగ్ 39 వచ్చింది. ముందు భాగం లేచింది కాబట్టి హెడ్‌లైట్ కొంచెం కిందికి దింపాల్సి వచ్చింది, ఇది మర్చిపోతే రాత్రిపూట ఎదురొచ్చేవాళ్ళ తిట్లు తప్పవు.

దేవరకొండ మీదుగా డిండి దాకా, అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని మన్ననూరు దాటి అడవిలోకి వెళ్ళి చూశాను. తేడా ఎక్కువగా తెలిసింది బ్రేక్ దగ్గర. ముందు భాగం దిగుతుంది, దిగి ఒక చోట ఆగుతుంది, అప్పుడు గుంత వచ్చినా చక్రానికి ఇంకా చోటు మిగిలి ఉంటుంది. దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లో బ్రేక్ పట్టుకుని తిరిగితే ఇదివరకు హ్యాండిల్ ఊగుతున్నట్టు ఉండేది, ఆ టెన్షన్ పోయింది. చిన్న చిన్న గతుకులు మాత్రం ఇదివరకటికంటే కొంచెం ఎక్కువే తెలుస్తున్నాయి, ఆ సంగతి దాచను.

వెనక షాకబ్జర్లు మార్చలేదు. ప్రీలోడ్ రింగుని, మా ఆవిడ ఎక్కినప్పుడు రెండు మెట్లు పెంచుతున్నాను, అంతే. క్రూయిజర్‌లో కాళ్ళు ముందుకి ఉంటాయి కాబట్టి గుంత వచ్చినప్పుడు లేచి నిలబడలేం, బరువంతా వెన్నెముక మీదే పడుతుంది, వెనక కదలిక కూడా తక్కువే. అంత తక్కువ చోటులో ఎంత ఖరీదైన షాకబ్జర్ పెట్టినా ఒక హద్దు ఉంటుంది. ఒకవేళ మార్చినా పాతదాని పొడవే తీసుకోవాలి, పొడుగువి పెడితే సైడ్ స్టాండ్ మీద బండి మరీ వాలిపోతుంది, స్టీరింగ్ తీరు కూడా మారిపోతుంది.

మా బామ్మర్దికి కూడా ఇదే బండి ఉంది. నాది ఒక రౌండు వేసి వచ్చి, "బావా, నాకూ గవే స్ప్రింగులు తెప్పియ్యరాదు" అన్నాడు. వాడి బరువు 64 కిలోలు. కూర్చోబెట్టి కొలిస్తే 37 వచ్చింది, కంపెనీ స్ప్రింగుతోనే. పాత ఆయిల్ తీసి కొత్తది పోయించుకో, సీళ్ళు చూపించుకో, చాలన్నాను. వాడికి నా మాట మీద నమ్మకం కుదరలేదు, ఇంకా అడుగుతూనే ఉన్నాడు.