ఆర్కిటెక్చర్ అని చెప్పమన్నాను

విజయవాడ బయల్దేరే ముందు మా అమ్మాయికి ఒకటే చెప్పాను. ఎవరైనా ఏం చదవబోతున్నావని అడిగితే ఆర్కిటెక్చర్ అను, మిగతాది నేను చూసుకుంటాను అని. "అది అబద్ధం కదా, నేను అనను" అంది. పోనీ ఇంకా ఏమీ అనుకోలేదని చెప్పు అన్నాను. "అనుకున్నాను కదా" అంది. పదిహేడేళ్ళ పిల్లతో, అందులోనూ అబద్ధాలు చెప్పకూడదని మనమే నూరిపోసి పెంచిన పిల్లతో, ఇంకేం వాదిస్తాం.

అది అనుకున్నదేంటంటే, ట్వెల్త్ అయ్యాక యూనివర్సిటీకి వెళ్ళదట. మేముండే మినియాపొలిస్‌లోనే ఒక అటెలియేలో, అంటే ఒకరిద్దరు చిత్రకారులు కొద్దిమందిని పెట్టుకుని పాత పద్ధతిలో డ్రాయింగూ పెయింటింగూ నేర్పే చోట, నాలుగేళ్ళు ఫుల్‌టైమ్ నేర్చుకుంటుందట. డిగ్రీ ఇవ్వరు, మార్కులు ఉండవు. ఇప్పటికే శనివారాలు వెళ్తోంది. దింపేది నేనే. హాబీ కదా అని, కాలేజీ అప్లికేషన్‌లో బాగుంటుందని కూడా (ఈ రెండోది మా ఆయనకి తెలుసు, దానికి తెలీదు).

అక్కడ నేర్పే తీరు చూసి మొదట్లో నాకు నవ్వొచ్చింది. సొంత బొమ్మలు వేయనివ్వరు. 1860ల చివర్లో పారిస్‌లో షార్ల్ బార్గ్ అనే ఆయన, జెరోమ్ అనే పెద్ద చిత్రకారుడితో కలిసి తయారుచేసిన 197 ప్లేట్లు, అంటే చూసి దించడానికి అచ్చు వేసిన నమూనా బొమ్మలు, ఉన్నాయి. అందులోంచి ఒక పాదమో చెవో ఇచ్చి ఉన్నదున్నట్టు దించమంటారు. వాన్ గో కూడా ఇవే కూర్చుని దించాడట. అది అయ్యాక ప్లాస్టర్ విగ్రహం. దాని పక్కనే ఈజిల్ నిలబెట్టి, నేల మీద టేపుతో గుర్తు పెట్టుకున్న చోటికి వెనక్కి నడిచి, విగ్రహమూ కాగితం మీద బొమ్మా ఒకే సైజులో కనపడుతున్నాయో లేదో చూసుకుని, ముందుకెళ్ళి ఒక గీత గీసి, మళ్ళీ వెనక్కి. చేతిలో చివర బరువు కట్టిన దారం, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునేలాంటిదే. తప్పు దొరక్కపోతే రెంటికీ వీపు తిప్పి చిన్న అద్దంలో తిరగేసి చూడటం. వెలుగూ నీడా తప్ప ఇంకేమీ కనపడకుండా కళ్ళు సగం మూసి చూడటం. ఇలా బొగ్గుతో ఒక ముక్కు మీద వారాలకి వారాలు. రంగులు ముట్టుకునేది ఎప్పటికో, అదీ ముందు తెలుపూ నలుపే.

"ఇంత ఫీజు కట్టి ఎన్నాళ్ళని ఒక ముక్కు?" అన్నాను ఒకసారి కార్లో.

"నువ్వు నాతో సరళీ స్వరాలు ఎన్నాళ్ళు పాడించావు?" అంది.

పాడించాను. మూడు కాలాల్లోనూ, ఏడుస్తున్నా పాడించాను. నేను విజయవాడ సత్యనారాయణపురంలో పుట్టి పెరిగినదాన్ని, మా ఊరి సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ బాలమురళి గారు, ఆ గర్వం ఉంటుంది కదా. త్యాగరాజస్వామి, మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు బాలమురళి, ఇలా గురుపరంపర మొత్తం దానికి బట్టీ పట్టించాను. ఆ రోజు కార్లో అది తన పరంపర చెప్పింది. పారిస్‌లో జెరోమ్ దగ్గర పాక్స్‌టన్ నేర్చుకున్నాడు, బోస్టన్‌లో పాక్స్‌టన్ దగ్గర గామెల్, గామెల్ దగ్గర రిచర్డ్ లాక్, ఆ లాక్ 1969లో మా మినియాపొలిస్‌లో అటెలియే పెట్టాడు, ఆయన శిష్యుల దగ్గర మా టీచర్ నేర్చుకున్నాడు. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. నేను సిగ్నల్ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఉగాది ఫంక్షన్లలో మైకు దొరికితే చాలు, గురువు, సాధన, ఓపిక, ఇవి మన సంస్కృతి అని చెప్పేదాన్ని. ఆ మూడూ పిల్లకి బాగానే వంటబట్టాయి, నేను అనుకున్న చోట మాత్రం కాదు. దాని సంగీతం వర్ణాల దగ్గర ఆగిపోయింది. నాది ఇంటర్‌లో, ఎంసెట్ కోసం ఆగిపోయింది, ఆ సంగతి మైకులో ఎప్పుడూ చెప్పలేదు.

విజయవాడలో దిగిన వారంలోనే మా మేనత్త వచ్చింది. "బొమ్మలు వేయడం నేర్చుకుంటాను అత్తమ్మమ్మా" అని దాని యాస తెలుగులో చక్కగా చెప్పేసింది. "అంటే యానిమేషనా?" అంది మా అత్తయ్య ఆశగా. నేను వెంటనే "ఆ, అలాంటిదే" అన్నాను. అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది. అత్తయ్య వాళ్ళబ్బాయి మెడిసిన్ సీటు కోసం లాంగ్ టర్మ్ అని ఏళ్ళ తరబడి అవే బిట్లు చేశాడు, అప్పుడు దానికేం సర్టిఫికెట్ ఇస్తారని ఎవరూ అడగలేదు. ఇది నాకు రాత్రికి గానీ గుర్తు రాలేదు.

మా అమ్మ గొడవ వేరు. "బొగ్గుతో గీయడానికి డాలర్లు కట్టాలంటే?" అని. నాన్నగారు మాత్రం ఎగిరి గంతేశారు. మనవాళ్ళెవరూ ఇలాంటివి చేయలేదని నేనంటే, రిటైరైన తెలుగు మాస్టారు ఊరుకుంటారా? రాజమండ్రి నుంచి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి వెళ్ళిన దామెర్ల రామారావు, బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ ఛటర్జీ దగ్గర బొమ్మలు నేర్చుకున్న అడివి బాపిరాజు, అన్నీ ఏకరువు పెట్టారు. దామెర్ల 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయారని కూడా ఆయనే చెప్పారు, చెప్పకపోతే బాగుండేది.

వెనక వరండాలో అమ్మాయి దుకాణం పెట్టింది. విగ్రహం లేదు కాబట్టి అమ్మమ్మ ఇత్తడి చెంబు. అటెలియేకి ఉత్తరం వెలుతురు కావాలట, ఎండ నేరుగా పడదు, రోజంతా నీడలు పెద్దగా కదలవు. మా వరండా ఉత్తరమే. కుబేరస్థానం అని నాన్నగారు మురిసిపోయారు. తీరా చూస్తే విజయవాడ ఉన్నది 16 డిగ్రీల అక్షాంశం మీద, జూన్‌లో ఇక్కడ సూర్యుడు పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఉత్తరం వైపే ఉంటాడు. చెంబు నీడ గంటకో చోట. తల పట్టుకుని కూర్చుంటే మా అమ్మ పాత దుప్పటి తెచ్చి అడ్డంగా కట్టింది. నేను ఆడుకుంటూ పెరిగిన వరండా అది, అక్కడ ఏ నెలలో ఎండ ఎటు పడుతుందో నేనెప్పుడూ గమనించలేదు.

ఇంకో సంగతి ఉంది. పద్దెనిమిది నిండాక చేరే ఆ ఫుల్‌టైమ్ కోర్సులో మోడళ్ళు బట్టల్లేకుండా కూర్చుంటారు, అనాటమీ అలాగే నేర్పుతారు. ఇది మాత్రం ఇక్కడ చెప్పొద్దని నేనూ, ఎవరూ అడగలేదు కాబట్టి అబద్ధం కాదని అదీ, మొదటిసారి ఒక మాట మీద ఉన్నాం.

మీ పిల్లలూ ఇలాంటిది అడిగితే, కాదనే ముందు వెళ్ళి ఒక పూట అక్కడ కూర్చోండి. ఒకే విద్యార్థి మొదటి ఏడాది పనీ చివరి ఏడాది పనీ పక్కపక్కన పెట్టి చూపించమనండి. బయటికొచ్చినవాళ్ళు దేనితో బతుకుతున్నారో అడగండి. నేను అన్నీ అడిగాను. పోర్ట్రెయిట్లు వేస్తున్నారు, క్లాసులు చెబుతున్నారు, కొందరు వేరే ఉద్యోగం చేసుకుంటూ వేస్తున్నారు అన్నారు, దాచకుండానే చెప్పారు. అయినా నాకు నిద్ర పట్టలేదు, కాబట్టి ఈ సలహా మీకెంతవరకు పనికొస్తుందో.

నన్ను అమెరికా తీసుకెళ్ళింది ఒక డిగ్రీ కాగితం. అది లేకపోతే వీసా లేదు, ఉద్యోగం లేదు, ఏమీ లేదు. అక్కడే పుట్టిన పిల్లకి వీసా అక్కర్లేదని నాకు తెలుసు, కానీ నా భయానికి తెలీదు. ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా మా ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చు. ఆ తర్వాత? "అప్పటికి బాగా వేస్తాను కదా" అంటుంది, ఇన్సూరెన్స్‌కీ బాగా వేయడానికీ ఏదో సంబంధం ఉన్నట్టు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక్క యూనివర్సిటీకి అప్లై చేస్తుంది, నా తృప్తి కోసం. సీటొచ్చినా వెళ్ళక్కర్లేదని మాటిచ్చాను. ఆ ఒక్కటీ నేనే ఎంచాను, ఆర్కిటెక్చర్ బాగుంటుందని. డెడ్‌లైన్లు నా ఫోన్లో పెట్టుకున్నాను, దానితోపాటు ఇంకో మూడు కాలేజీలవి కూడా.