పెద్దమ్మ నా కాళ్లు కడిగిన శనివారం

"మీ చర్చిలో ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారంట, నిజమేనా? పెళ్లిలో అల్లుడి కాళ్లు కడిగినట్టేనా?" అని పక్కింటి అక్క పిట్టగోడ మీంచి అడిగింది. నిలబడి చెప్తే తెమిలే సంగతి కాదు. అందుకే రాస్తున్నా.

మాది సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం. శనివారం ఆరాధన. తిరుపతిలో శనివారమంటే ఊరంతా కొండకు పోయే జనం. ఆ జనంలోనే బైబిలు చంకన పెట్టుకుని మేమూ చర్చికి పోతాం. మూడు నెలలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసు శిష్యులతో చేసిన చివరి రాత్రి భోజనాన్ని తలచుకోవడం. పులియని రొట్టె, పులియని ద్రాక్షరసం. వాటికంటే ముందు పాదాలు కడగడం. ఆడవాళ్లు ఒక గదిలో, మగవాళ్లు ఇంకో గదిలో. బేసిన్లు, గోరువెచ్చని నీళ్లు, ఉతికిన తువాళ్లు. ఇద్దరిద్దరు జోడీగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు కడిగి, తుడిచి, కలిసి ప్రార్థన చేసుకుని లేస్తారు.

పెళ్లిలో ఎవరు కడగాలో, ఎవరు కడిగించుకోవాలో ముందే తెలుసు. ఇక్కడ ఆ తేడా లేదు. కష్టమంతా అక్కడే ఉంది.

పోయినసారి నాకు జోడీ కూరగాయలమ్మే పెద్దమ్మ. మా అమ్మ కంటే పెద్దది. పగిలిన మడమలు, ఆ పగుళ్లలో పసుపు. ఆమె కాళ్లు కడగడానికి నాకేం ఇబ్బంది కాలేదు. పెద్దవాళ్ల కాళ్లకు దండం పెట్టి పెరిగినవాళ్లమే కదా. ఆ తర్వాత ఆమె మోకాలు పట్టుకుని మెల్లగా కింద కూర్చుని నా పాదం పట్టుకోబోతే, కాలు దానంతటదే వెనక్కి పోయింది. పెద్దవాళ్లు చిన్నవాళ్ల కాళ్లు ముట్టుకుంటే ఆయుక్షీణమని మా అవ్వ చెప్పేది. "వద్దు పెద్దమ్మా" అన్నాను.

"పేతురు గూడా ఇట్లే అన్న్యాడు గదమ్మా. కాలు ఇట్ల పెట్టు" అనింది.

నిజమే. యేసు జీవితం చెప్పే యోహాను సువార్త 13వ అధ్యాయంలో శిష్యుడు పేతురు గురువు చేత కాళ్లు కడిగించుకోనని మొండికేస్తాడు. కడగనివ్వకపోతే నాతో నీకు పాలు, అంటే భాగం, లేదంటాడు యేసు. చిన్నప్పట్నుంచి వింటున్న మాటే అయినా, నా పాదం ఆ పెద్దమ్మ చేతుల్లో ఉన్నప్పుడే అది నాకు తగిలింది. సేవ చేసేటప్పుడు మనం ఎంతో కొంత పైనే ఉంటాం. చేయించుకునేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

అది ఆ కాలపు దుమ్ము రోడ్ల ఆచారం, ఇప్పుడెందుకు అనేవాళ్లున్నారు. దుమ్ము కోసమైతే గుమ్మం దగ్గరే కడగాలి. యేసు భోజనం మధ్యలో లేచి, పైవస్త్రం తీసిపెట్టి, తువాలు నడుముకు కట్టుకున్నాడు. మిగతా మూడు సువార్తలు ఆ రాత్రి రొట్టె, గిన్నె గురించి చెబితే యోహాను వాటిని వదిలేసి ఈ పళ్లెం, నీళ్లనే రాశాడు. యేసును శత్రువులకు పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు లేచి వెళ్లింది ఆ తర్వాతే. అంటే అతని కాళ్లూ ఆ చేతులే కడిగాయి. ఈ ఒక్క సంగతి దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

కతోలికులు ఈస్టరుకు ముందు గురువారం దీన్ని చేస్తారు. వాళ్ల నియమాల్లో ఆడవాళ్లకు చోటు 2016లో వచ్చింది. 2013లోనే పోప్ ఫ్రాన్సిస్ రోములో బాల నేరస్థుల జైలుకు పోయి అక్కడి పిల్లల కాళ్లు కడిగారు. వాళ్లలో ఆడపిల్లలున్నారు, ముస్లిములున్నారు. అది చూసి నాకు సంతోషమైంది. అయినా, కడిగినాయన మళ్లీ కడిగించుకునే మా పద్ధతే నాకు ఇష్టం.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. మా సంఘంలోనే కొందరు ఈ కార్యక్రమం అయిపోయే వేళకు వచ్చి, నేరుగా రొట్టెకు కూర్చుంటారు. కొరింథు ఊరి సంఘంలో కలిగినవాళ్లు ముందే తినేస్తే లేనివాళ్లు ఆకలితో మిగిలారని పౌలు బైబిల్లోని తన ఉత్తరంలో ఎంత కోపంగా రాశాడు! పక్కవాళ్ల పగిలిన మడమ చేత్తో పట్టుకుని లేచినవాళ్లు అట్లా తినగలరా?

సిగ్గుపడేవాళ్లకు ఒక మాట. కాళ్లు బాగాలేవని ఎవరూ చూడరు. కింద కూర్చోలేనివాళ్లకు స్టూలు వేస్తాం. షుగరుతో పుండ్లున్నవాళ్లు ముందే చెబితే వేరే బేసిను పెడతాం. వచ్చే బల్లకు నీళ్లు కాచే పని నాదే. జోడీ లేనివాళ్లు నేరుగా నా దగ్గరికి రండి.