మట్టికోట నుంచి పత్తి యార్డు దాకా

ఖిలా వరంగల్‌కు పోయేటప్పుడు ముందు ఎదురయ్యేది రాతికోట కాదు, మట్టికోట. పొదలు మొలిచి మామూలు గట్టులా కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని గమనించకుండానే దాటిపోతారు. మా చిన్నాయన మాత్రం ఆటో ఆపించి మరీ దిగమన్నాడు. ఆయన సింగరేణిలో అకౌంట్స్ చూసి రిటైరైన మనిషి. "అందరు తోరణాల కాడ ఫొటోలు దిగి పోతరు బిడ్డా. ఢిల్లీ ఫౌజును ముందు ఆపింది గీ మట్టే" అన్నాడు.

పైకి ఎక్కితే గానీ ఆ కట్ట వెడల్పు తెలియలేదు. 1310లో ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖల్జీ సేనాని మాలిక్ కాఫూర్ చేసిన ముట్టడి గురించి రాస్తూ అమీర్ ఖుస్రో ఈ మట్టిగోడను ప్రత్యేకంగా చెప్పాడు. ఉక్కు బల్లెం కూడా దిగదట. యంత్రంతో విసిరిన రాయి తగిలినా, పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందట. ఢిల్లీ ఆస్థాన కవి శత్రువు గోడను అంతగా పొగిడాడంటే, తన సుల్తాను గెలుపును ఇంకా పెద్దది చేయడానికేనని నా అనుమానం. అయినా ఆ కట్ట మీద నిలబడి చూస్తే ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయబుద్ధి కాదు.

లోపలి రాతికోట ద్వారంలో దారి నేరుగా పోదు. ఒక మలుపు తిరిగి, మళ్లీ ఇంకోటి తిరిగితేనే లోపలికి చేరతాం. ఏనుగులు పరుగున వచ్చి తలుపును ఢీకొట్టకుండా అలా కట్టారు. మా ఆటో అక్కడ ఎదురొచ్చిన ట్రాక్టర్‌కు దారివ్వలేక వెనక్కీ ముందుకూ కాసేపు తంటాలు పడింది. ఆ ద్వారం ఇప్పటికీ తన డ్యూటీ తను చేస్తోంది.

నాలుగు తోరణాల మధ్య ఇప్పుడు ఉన్నది విరిగిన స్తంభాలు, నంది తలలు, ఏనుగు బొమ్మల ముక్కలు. ఇక్కడే స్వయంభూ దేవాలయం ఉండేది. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత ఢిల్లీ గద్దె ఎక్కిన ముహమ్మద్ బిన్ తుగ్లక్, కోటను పట్టుకున్నాక గుడి కూలింది, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. తోరణాలు నిలిచాయి. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది వీటిలో ఒకటే. 2024లో చిహ్నం మారుస్తామన్నప్పుడు ఇవి రాచరికానికి గుర్తులని కొందరు, మన గుర్తులని కొందరు వాదులాడుకున్నారు. రెండూ నిజమే కదా అని నాకప్పుడే అనిపించింది. కాకతీయులు కూడా తీరాంధ్ర దాకా గెలుచుకున్నవాళ్లే, పన్ను వసూలు చేసినవాళ్లే.

ఆ రాళ్ల మధ్య కూర్చుని చిన్నాయన చెప్పింది గుడి కూలిన కథ కాదు, బాకీ కథ. 1310లో కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు గానీ రాజ్యం పోలేదు. ఏనుగులు, గుర్రాలు, ఖజానా ఇచ్చి, ఏటేటా కప్పం కడతానని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడే ఢిల్లీ సైన్యం పాండ్యుల మీదికి పోతే, దానికి తోడుగా ఇక్కడి నుంచి దళాలు వెళ్లాయి. ఓడించినవాడి యుద్ధానికి ఓడినవాడి మనుషులు! 1316లో అలాఉద్దీన్ చనిపోయాడు, కప్పం ఆగింది. 1318లో మళ్లీ ఫౌజు వచ్చింది. ఢిల్లీలో ఖల్జీలు పోయి తుగ్లక్‌లు వచ్చారు, కప్పం మళ్లీ ఆగింది. 1321లో ఉలుగ్ ఖాన్ వచ్చాడు. సుల్తాను చనిపోయాడన్న పుకారుతో ఆయన సేనలోనే తిరుగుబాటు లేచి, ముట్టడి వదిలి దేవగిరికి వెనక్కి పోయాడు. గండం గడిచిందనుకుని కోటలో ధాన్యం కొట్లు తెరిచి పండగ చేసుకున్నారంటారు. రెండేళ్లకు ఆయన మళ్లీ వచ్చేసరికి నెలల తరబడి ముట్టడిని తట్టుకునే గింజలు లోపల లేవు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని కాకతీయుల తర్వాతి పాలకుడు ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది.

"బాకీ పడ్డప్పుడల్లా వసూలుకు ఫౌజు వచ్చింది. ఆఖరికి బాకీదారునే తీసేసి ఊళ్లు రాయించుకున్నరు" అని చిన్నాయన తేల్చేశాడు. చరిత్రను అకౌంటెంట్ చెబితే ఇలాగే ఉంటుంది. కత్తులు తక్కువ, అంకెలు ఎక్కువ. విలస శాసనం కూడా పండిన పంట రైతుకు దక్కలేదనే వాపోయింది.

ఖుష్ మహల్ దగ్గరికొచ్చేసరికి ఎండ ముదిరింది. వాలుగోడల ఆ హాలు లోపల చల్లగా ఉంటుంది, చుట్టుపక్కల దొరికిన శిల్పాలు వరుసగా పెట్టారు. నీడ దొరికేసరికి చిన్నాయన ఢిల్లీని వదిలి లండన్‌కు పోయాడు. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. సైన్యం ఇంగ్లీషువాళ్లది, ఖర్చు హైదరాబాద్‌ది. తర్వాత ఇంగ్లీషు అధికారుల కింద కంటింజెంట్ అని ఇంకో సైన్యం వచ్చింది, దాని జీతాలూ ఇక్కడివే. ఖజానా చాలక పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ దగ్గర భారీ వడ్డీకి అప్పులు చేశారు. ఆ అప్పు తీర్చడానికి 1823లో ఉత్తర సర్కారుల మీద, అంటే తీరాంధ్ర జిల్లాల మీద, కంపెనీ నుంచి నిజాంకు ఏటా రావలసిన 7 లక్షల రూపాయలను వదులుకున్నారు. అయినా కంటింజెంట్ బాకీ పెరుగుతూనే పోయింది. 1853లో దాని కింద బేరార్, అంటే ఇప్పటి విదర్భ వైపు ప్రాంతం, ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. 1902లో వైస్రాయ్ కర్జన్ ఆ బేరార్‌ను ఏటా 25 లక్షలకు శాశ్వత లీజుగా రాయించుకున్నాడు.

శాశ్వత లీజు అన్న మాట వినగానే నాకు హంబన్‌తోట గుర్తొచ్చింది. 2017లో శ్రీలంక ఆ రేవును చైనా కంపెనీకి 99 ఏళ్లకు ఇచ్చింది. రెండూ ఒకటే అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. శ్రీలంకకు అప్పులిచ్చినవాళ్లలో చైనా ఒకటి మాత్రమే. కొలంబోలో ఎవరి దండూ దిగలేదు. తన మీద కాపలా పెట్టిన సైన్యానికి తానే జీతాలిచ్చి మునిగినవాడు మాత్రం నిజాం. ఆ తేడా చిన్నది కాదు. కానీ ఇప్పటి వార్తల్లో అప్పు, రేవు, లీజు, స్థావరం అనే మాటలు ఒకేచోట కనిపిస్తే బేరార్ తెలిసినవాడు రెండోసారి చదువుతాడు. చిన్నాయన అయితే మూడోసారి కూడా చదివి, వడ్డీ ఎంతో చూస్తాడు.

సాయంత్రం కాజీపేటలో బొగ్గు వ్యాగన్లు పోతుంటే ఆయన సర్వీసు కథలు మొదలయ్యాయి. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనిపెట్టడం, 1886లో లండన్‌లో డెక్కన్ కంపెనీ పుట్టడం, ఆ బొగ్గు కోసం రైలు పట్టాలు. అవి ఇంట్లో అందరూ వందసార్లు విన్నవే, ఇక్కడ వదిలేస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే ఏనుమాముల మార్కెట్ యార్డుకు పోయాం. 2025 నవంబరు, పత్తి సీజన్ మంచి ఊపు మీద ఉంది. కోటలో విన్న బేరార్ కథకు ఇక్కడ ఇంకో ముక్క తగిలింది. బేరార్ నల్లరేగడి నేల, పత్తి నేల. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే, లాంకషైర్ మిల్లులు బేరార్, గుజరాత్ పత్తి కోసం ఎగబడ్డాయి. ధరలు ఆకాశానికెక్కాయి. 1865లో ఆ యుద్ధం ముగియగానే కిందికి పడ్డాయి. ఎక్కడో జరిగిన యుద్ధంతో ఇక్కడి రైతు లాభపడ్డాడు, అది ఆగిపోగానే అప్పుల్లో పడ్డాడు. తుపాకీ మోత ఒక్కటి కూడా అతని చెవిన పడలేదు.

ఈసారి అమెరికా నుంచి వచ్చిన మాట సుంకాలు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా వేసిన సుంకం 50 శాతానికి చేరింది. బట్టల ఎగుమతిదారులకు ఊరటగా మన ప్రభుత్వం విదేశీ పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆ ఏడాది డిసెంబరు ఆఖరు దాకా ఎత్తేసింది. ఆ సీజన్‌లో క్వింటాల్‌కు మద్దతు ధర పొడుగు పింజకు 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనాలంటే తేమ 12 శాతం దాటకూడదు. వానలకు తడిసిన పత్తిలో అంత తక్కువ తేమ ఎక్కడ దొరుకుతుంది? యార్డులో వ్యాపారి చెప్పే రేటు వేరు.

గీసుకొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. చిన్నాయన ఆయనతో మాట కలిపి, గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం గురించి చెప్పాడు. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవాళ్లు. ఈయన మాత్రం, వ్యాపారులు భయపడకుండా రావాలని, ముప్పయ్యో వంతు సుంకం చాలన్నాడు.

"అంటే నూటికి మూడు రూపాయల చిల్లర. ఇప్పుడు సూడు, ఒకాయన యాభై అంటడు, ఇంకొకాయన సున్నా అంటడు" అన్నాడు చిన్నాయన.

రైతు అంతా విని, బస్తాలోంచి గుప్పెడు పత్తి తీసి పిసికి చూశాడు. "సుంకం సంగతి సరే అన్నా. ఆ రాజు తేమ ఎంతదాకా ఒప్పుకునేటోడు?"

చిన్నాయన దగ్గర ఆ లెక్క లేదు.