నిధులు ఆగాక ఏం మిగిలింది?

జీవవైవిధ్య సంరక్షణ ప్రాజెక్టుల తుది నివేదిక తీస్తే నాటిన మొక్కలు, వేసిన కంచె, పెట్టిన శిక్షణ శిబిరాలు కనిపిస్తాయి. అవి ఖర్చు లెక్కలు. జాతి తన కాళ్ల మీద నిలబడిందా అన్నది అందులో దొరకదు.

ఒమన్‌లో అరేబియా ఓరిక్స్ అనే ఎడారి జింక సంగతే చూడండి. ఎడారిలో మిగిలిన చివరి జంతువులు 1972లో వేటకు బలయ్యాయి. సంరక్షణలో పెంచినవాటిని 1982లో తిరిగి వదిలితే, 1996 నాటికి సుమారు 450 అయ్యాయి. మూల్యాంకనం అక్కడితో ఆపేసి ఉంటే ఘనవిజయమే! కానీ ఆ తర్వాత, ప్రాణాలతో పట్టి అమ్ముకునే దొంగవేట మొదలైంది. మంద 65కు పడిపోయింది. అభయారణ్యాన్ని 90 శాతం కుదించడంతో 2007లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. పిల్లలు బాగానే పుట్టాయి, జాతిని తుడిచిపెట్టిన వేట మాత్రం పోలేదు. అందుకే తలల లెక్కతో పాటు ముప్పు లెక్క కూడా ఏటా రాయాలి: దొరికిన ఉచ్చులెన్ని, గస్తీ తిరిగిన కిలోమీటర్లెన్ని. గస్తీ తగ్గితే ఉచ్చులూ తక్కువే దొరుకుతాయి, అది శుభవార్త కాదు.

ఎంతకాలం చూడాలి? సంఖ్య తగ్గుదలను, ముప్పున్న జాతుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ పదేళ్లు లేదా మూడు తరాలు, ఏది ఎక్కువైతే ఆ కాలానికి కొలుస్తుంది. మూడేళ్ల గ్రాంటుతో ఏనుగుల గురించి తీర్పు చెప్పలేం.

పని మొదలుకాకముందే రెండు మూడు సీజన్ల లెక్క తీసుకోవాలి. పోల్చడానికి ప్రాజెక్టు లేని చోటు కూడా కావాలి. వాలు, ఎత్తు, రోడ్డు దూరం దాదాపు ఒకేలా ఉండాలి. ఎవరూ వెళ్లని కొండ మీది అడవిని రోడ్డు పక్క అడవితో పోలిస్తే గెలుపు ముందే ఖాయం. సరిహద్దు అవతలి పట్టీనీ కొలవాలి, నరికివేత అక్కడికి జరిగి ఉండొచ్చు.

కనబడలేదంటే లేనట్టు కాదు. ఉన్న కప్ప ఒక సందర్శనలో కనబడే అవకాశం 0.3 అయితే, మూడుసార్లు వెళ్లినా అసలు కనబడకపోయే అవకాశం 34 శాతం. తొమ్మిదిసార్లు వెళితే 4 శాతం. సందర్శనల సంఖ్య రాయని సర్వే నా దృష్టిలో చెల్లదు.

మధ్యలో పద్ధతి మార్చాల్సి వస్తే కనీసం ఒక సీజన్ పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడపాలి. లేకపోతే కెమెరాలు పెరిగాయో జంతువులు పెరిగాయో తేలదు. లెక్క తీసిన ప్లాట్ల జీపీఎస్ స్థానాలు, ముడి డేటా, ఏ గడిలో ఏం రాశారో చెప్పే వివరణ పత్రం రెండు వేర్వేరు సంస్థల దగ్గర ఉంచాలి. ఉద్యోగి మారగానే ముందు మాయమయ్యేవి ఇవే.