కాళహస్తిలో ఒక నల్ల చుక్క

కాళహస్తంటే మా ఇంట్లో రాహుకేతు పూజే. దర్శనం, ప్రసాదం, తిరుపతి బస్సు. మొన్న మాత్రం మా అత్త పట్టుబట్టి కలంకారీ, అదే బట్ట మీద కలంతో బొమ్మలు వేసే ఇంటికి లాక్కుపోయింది.

బట్టను కరక్కాయ, బర్రెపాలలో ముంచి ఆరబెట్టారు. ఒకటే కమురు వాసన! వెదురు పుల్లకు చుట్టిన ఉన్నిని కసింలో ముంచి నా చేతికిచ్చాడు పెద్దాయన. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నాన్చి పులియబెడితే వచ్చేదే కసిం. చూస్తే పలచటి కషాయం, కరక్కాయ బట్టకు తగిలితే నలుపు.

"అట్ల పిండద్దు నాయనా, కారిపోతాది" అనేలోపే చుక్క పడింది. సీతమ్మవారి బుగ్గ మీద. చెరపడం కుదరదంట. నవ్వి, దాన్ని దిష్టిచుక్క చేసేశాడు.

ఒకప్పుడు గుళ్లలో తెరలకే ఈ పని. అడిగేవాళ్లు తగ్గి ఆగిపోయే దశలో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోబట్టి 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ఇక్కడి కలంకారీ కళాకారుడు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. తిరుపతిలో పుట్టి పెరిగి ఇదంతా ఇప్పుడు తెలుసుకున్నా, సిగ్గుగానే ఉంది.

రంగులు వేశాక పారే నీళ్లలో ఉతకాలంట. వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తే స్వర్ణముఖి నది నిండా ఇసకే.

నా బొటనవేలి నలుపు ఇంకా పోలేదు.