మటౌరా ఒడ్డున బావ వేడర్స్

న్యూజిలాండ్ వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ మిల్‌ఫర్డ్ సౌండ్ గురించి రాస్తారు. నేనూ చూశాను, ఫోటోల్లో ఉన్నట్టే ఉంది, పైగా వాన. నేను రాసేది గోర్ గురించి. సౌత్‌ల్యాండ్‌లో చిన్న ఊరు. పెద్ద ట్రౌట్ చేప విగ్రహం పెట్టుకుని, బ్రౌన్ ట్రౌట్ వేటకు ప్రపంచ రాజధాని మాదేనని చెప్పుకుంటారు. ఊరి మధ్య నుంచి మటౌరా నది పారుతుంది. ఇన్వర్‌కార్గిల్‌లో ఉండే మా బావ సెలవు దొరికితే చాలు, అక్కడ తేలతాడు.

బయల్దేరేముందు ఒక స్నేహితుడు నదిలో దిగి నడవడానికి వేసుకునే తన వేడింగ్ బూట్లు ఇచ్చాడు. అడుగున ఫెల్టు, అంటే ఒత్తి చేసిన మందపాటి ఉన్నిలాంటి గుడ్డ, నాచురాళ్ల మీద కూడా జారదని గ్యారంటీ. వాడిన ఫిషింగ్ సామాను ఉందని ఎయిర్‌పోర్టు ఫారంలో రాసిచ్చాను. రాయకుండా దొరికితే 400 డాలర్ల జరిమానా అని బావ ముందే బెదిరించాడు. అక్కడి అధికారిణి బూటు తిరగేసి, ఫెల్టును బొటనవేలితో నొక్కి చూసి, ఇవి వేసుకుని మా నదుల్లో చేపలు పట్టకూడదు అంది. 2008 నుంచి నిషేధం. డిడిమో అనే నాచు దీనికి కారణం. 2004లో ఇదే సౌత్‌ల్యాండ్‌లోని వాయావు నదిలో బయటపడింది. రాళ్ల మీద తడిసిన దూదిలా పరుచుకుంటుంది. కంటికి కనిపించనంత చిన్న కణం ఒక్క నీటిచుక్కలో ఇంకో నదికి చేరిపోగలదు. ఫెల్టు ఒకసారి తడిస్తే రోజుల తరబడి ఆరదు, అందుకని దాన్ని ఎవరూ నమ్మరు. బూట్లు అక్కడే వదిలేశాను. రబ్బరు అడుగున్నవి కొనుక్కుంటే రెండు వందల డాలర్లు దాటింది. రూపాయల్లో లెక్కేసుకుని ఆ పూట కాఫీ మానేశాను.

మన గోదావరిలో వలేసేవాళ్లు పంచె ఎగ్గట్టి దిగిపోతారు. మటౌరాలో ఆ పప్పులుడకవు. జనవరి అక్కడ ఎండాకాలమే అయినా నీళ్లు కాళ్లను కొరికేస్తాయి. అందుకే వేడర్స్, అంటే పాదాల నుంచి ఛాతీ దాకా వచ్చే, నీళ్లు చొరని ప్యాంటు. బావ తన పాత నియోప్రీన్ (మెత్తటి మందపాటి రబ్బరు) జత నాకిచ్చాడు. నీళ్లలో ఉన్నంతసేపూ వెచ్చగా బాగుంది, గట్టెక్కి పొలాలమ్మట నడిస్తే మాత్రం లోపల చెమట ధారలు. బావ వేసుకున్నది గాలాడే రకం, ఖరీదైనది. దాని గురించి కారులో దారిపొడుగునా చెప్పాడు కూడా.

నదికి వెళ్లాలంటే గొర్రెల పొలాలు దాటాలి. జాలర్లు వెళ్లే దారి ఇదని బోర్డులుంటాయి, కంచె దాటడానికి చెక్కమెట్లుంటాయి. బావకి అంత ఓపిక ఎక్కడిది, ముళ్లకంచె తీగల మధ్య నుంచే దూరాడు. అటు గట్టున గోర్స్ ముళ్లపొదలు. నీళ్లలో దిగిన కాసేపటికే "ఒరేయ్, కుడికాలు చల్లగా తగుల్తోందిరా" అన్నాడు. సాయంత్రానికి సాక్సు పిండితే నీళ్లు కారాయి.

మేం దిగిన ఫార్మ్‌స్టే పెద్దాయన అది చూసి నవ్వలేదు. వేడర్స్‌ను లోపలివైపు బయటికి తిప్పి బల్ల మీద పరిచి, స్ప్రే సీసాతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొట్టుకుంటూ వచ్చాడు. మోకాలి కింద ఒకచోట సూది మొనంత నల్లచుక్క తేలింది, కాస్త పక్కన ఇంకోటి. చిల్లులు అవే, నీళ్లు నింపి వెతికే పనే లేదు. ఆల్కహాల్ ఆరిపోయాక ఒక్కో చుక్క మీద ఆక్వాసీల్ జిగురు గోరంత మేర పూసి, రాత్రంతా కదపొద్దన్నాడు. ఎండలో పెడితే నిమిషాల్లో గట్టిపడే జిగురు కూడా ఉంది కానీ, మోకాలిలా వంగే చోట నిదానంగా ఆరేదే ఆయనకి ఇష్టం.

తర్వాత బావ వేడర్స్‌కు పరీక్ష మొదలైంది. మోకాళ్ల మీద, కింద పిక్కల దాకా అదనపు పొర ఉందా? ఉంది. తొడల మధ్య కుట్టు? ఉంది, అదే తంటా అన్నాడు. నడిచినంతసేపూ రాపిడంతా అక్కడే, ముందు పాడయ్యేదీ అదే. కుట్టు ముందుకో వెనక్కో జరిపినవి కొనాలట. అడుగున ఉండే నియోప్రీన్ సాక్సు మన పాదానికి సరిగ్గా పట్టాలి. వదులైతే బూటులో మడతపడి అరుగుతుంది, బిగుతైతే కుట్టు లాగేస్తుంది. బావ రోజూ కారు పక్కన గులకరాళ్ల మీద ఆ సాక్సుతోనే నిలబడి బూట్లు తొడుక్కుంటాడని తెలిసి, ఆయన లేచి కాళ్లకింద వేసుకోమని ఒక పాత రబ్బరు మ్యాట్ తెచ్చిచ్చాడు. ఆయన సొంత వేడర్స్ గోడకి వేలాడుతున్నాయి. జిగురు మచ్చలే తప్ప అసలు రంగు కనపడదు, కానీ లోపల చెయ్యిపెట్టి చూస్తే పొడిగా ఉంది.

కారు డిక్కీలో తడిగా చుట్టి పడేసే అలవాటుకి మాత్రం బావకి గట్టి క్లాసు పడింది. బూజు పడుతుంది, కుట్ల మీది టేపు లేచిపోతుంది. ముందు లోపలివైపు ఆరబెట్టాలి, తర్వాత బయటివైపు, అదీ నీడలో. చన్నీళ్లతో చేత్తో ఉతకాలి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాట ఎత్తకూడదు.

మర్నాడు ఓరెటి నదికి వెళ్దామని బావ ప్లాను. డిడిమో భయంతో పెద్దాయన ఒప్పుకోలేదు. అప్పటి నిబంధన ప్రకారం నది మారాలంటే గిన్నెలు తోమే లిక్విడ్ 5 శాతం కలిపిన నీళ్లలో కనీసం ఒక నిమిషం నానాలి, లేదా లోపలా బయటా పూర్తిగా ఆరాక ఇంకో 48 గంటలు ఆగాలి. అప్పుడే పూసిన జిగురుని నానబెట్టడం బావకి ఇష్టంలేదు, ఆగడానికి నాకు టైం లేదు. మళ్లీ మటౌరాకే పోయాం, ఈసారి చెక్కమెట్ల మీదుగా. బావ కాలు తడవలేదు, నా గాలానికి చేపా పడలేదు.

పోనీ హోటల్లో తిందామన్నా కుదరదు, ఆ దేశంలో ట్రౌట్ అమ్మడం చట్టవిరుద్ధం. ప్రపంచ రాజధానిలో కూర్చుని బ్లూ కాడ్ అనే సముద్రపు చేప వేపుడు, బంగాళాదుంప చిప్స్ తిన్నాం. బిల్లు బావే కట్టాడు.