పదకొండు రోజుల గడువు

అన్నయ్యతో నేను ఆరేళ్లు మాట్లాడలేదు. నాన్నగారు పోయి ఏడాది తిరగకముందే ఇంటి వాటాల దగ్గర మొదలైన మాట, చివరి రోజుల్లో ఆయనను దగ్గరుండి చూసుకున్నది ఎవరనే దాకా వెళ్లింది. అక్కడ నేనొక మాట అన్నాను. దానిని ఇక్కడ రాయలేను; అందులో కొంత నిజం ఉండడం వల్లనే అది అంత లోతుగా దిగిందని మాత్రం చెప్పగలను. ఆ ఆరేళ్లలో నేను చదివిన పుస్తకాలన్నీ దాదాపుగా యుద్ధాల గురించినవే. యుద్ధం ఎలా మొదలవుతుందో తెలుసుకోవడానికి నాకు పుస్తకాలు అక్కరలేదు. ఇద్దరిలో ఎవరూ ఓడకుండా, ఎవరూ తప్పు ఒప్పుకోకుండా అది ఆగడం సాధ్యమేనా అన్నదే నా వెతుకులాట.

గ్రీకు కవి హోమర్ రాసిన ఇలియడ్‌ను చాలామంది ట్రాయ్ నగర పతనం కథగా తలుస్తారు గానీ, ఆ కావ్యంలో ట్రాయ్ కూలదు, కొయ్యగుర్రం ఊసే రాదు. ఇరవై నాలుగు సర్గల ఆ కావ్యం ఒక అంత్యక్రియతో ముగుస్తుంది. చివరి సర్గలో ట్రాయ్ ముసలి రాజు ప్రయామ్ తన కొడుకు హెక్టర్ శవాన్ని అడగడానికి రాత్రివేళ శత్రువుల శిబిరానికి వెళతాడు. హెక్టర్‌ను చంపి, శవాన్ని రథానికి కట్టి ఈడ్చిన గ్రీకు వీరుడు అకిలీస్ ముందు మోకరిల్లి, తన కొడుకులను ఎందరినో చంపిన ఆ చేతులనే ముద్దు పెట్టుకుంటాడు. నీ తండ్రిని ఒకసారి తలుచుకో, ఆయనా నాలాగే ముసలివాడు అంటాడు. అప్పుడు ఇద్దరూ ఏడుస్తారు. ప్రయామ్ హెక్టర్ కోసం ఏడుస్తాడు. అకిలీస్ కాసేపు ఎక్కడో దూరాన ఉన్న తన తండ్రి కోసం, కాసేపు హెక్టర్ చేతిలో చనిపోయిన తన ప్రాణమిత్రుడు పాట్రోక్లస్ కోసం ఏడుస్తాడు. ఎవరి దుఃఖం వారిదే, ఒకరి కోసం మరొకరు ఏడవడం లేదు, అయినా ఆ ఏడుపు రెండు గొంతులతో ఒకే గుడారాన్ని నింపుతుంది.

నన్ను ఎక్కువగా కదిలించింది ఆ తర్వాతి భాగం. శవాన్ని వెంటనే ఇమ్మని ప్రయామ్ తొందరపెట్టగానే అకిలీస్‌కు కోపం తన్నుకొస్తుంది, నన్ను రెచ్చగొట్టవద్దని హెచ్చరిస్తాడు. ఆ కోపాన్ని అతడు నమ్మలేడు. అందుకే శవాన్ని తండ్రి కంట పడకుండా పక్కకు తీసుకువెళ్లి కడగమంటాడు. చూసి తండ్రి ఆగ్రహిస్తే, తాను కూడా అదుపు తప్పి ఆయనను చంపేస్తానేమోనని అతని భయం. తర్వాత తానే స్వయంగా శవాన్ని ఎత్తి పాడె మీద పడుకోబెడతాడు. ఇద్దరూ కలిసి భోజనం చేస్తారు, ఒకరినొకరు ఆశ్చర్యంగా చూసుకుంటారు. అంత్యక్రియలకు ఎన్నాళ్లు కావాలని అకిలీస్ అడిగితే ప్రయామ్ లెక్క చెబుతాడు: తొమ్మిది రోజులు శోకం, పదో రోజు దహనం, పదకొండో రోజు సమాధి, తప్పదనుకుంటే పన్నెండో రోజు మళ్లీ యుద్ధం. అకిలీస్ సరేనని, ముసలివాడు భయపడకుండా అతని మణికట్టు పట్టుకుంటాడు. క్షమించాననే మాట ఎక్కడా లేదు. శాంతి అనేది ఒక సుగుణమనీ, మంచివాళ్లకే దక్కుతుందనీ అనుకుంటూ వచ్చిన నాకు, తన మీద తనకు నమ్మకం లేని మనిషి కూడా పదకొండు రోజుల గడువు ఇవ్వగలడని తెలియడం గొప్ప ఊరట.

మన భారతంలో దీనికి ఎదురుగా నిలబెట్టదగిన ఘట్టం ఒకటి ఉంది. పద్దెనిమిది రోజుల యుద్ధం ముగిశాక నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడు భీముణ్ణి కౌగిలించుకోవడానికి పిలుస్తాడు. ఆ కౌగిలి వెనుక ఏముందో గ్రహించిన కృష్ణుడు భీముణ్ణి పక్కకు లాగి, ఇనుప విగ్రహాన్ని ముందుకు నెడతాడు. ముసలి తండ్రి చేతుల్లో ఆ ఇనుము పిండైపోతుంది, ఆయన నోటి నుంచి రక్తం కారుతుంది. భీముడు చనిపోయాడనుకుని అప్పుడు ఏడుస్తాడు. కొడుకులను చంపినవాడి చేతులను ముద్దాడిన తండ్రి అక్కడ, ఇనుమును నలిపేసిన తండ్రి ఇక్కడ. ధృతరాష్ట్రుడి కౌగిలినే నేను ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే నా మనసు ఆరేళ్లు చేసింది అదే.

అంతకంటే ముఖ్యమైనది ఏమిటంటే, భారతం అక్కడ ఆగదు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలను తెనిగించిన తిక్కన మనకు ఆ తర్వాతి జీవితాన్ని కూడా ఇచ్చాడు. కర్ణుడు తన అన్న అని యుద్ధమంతా అయ్యాక, తర్పణం విడిచే వేళ తల్లి నోట విన్న ధర్మరాజు రాజ్యమే వద్దంటాడు. పద్దెనిమిది పర్వాల్లో అతి పెద్దదైన శాంతిపర్వం గెలిచినవాడి ఈ దుఃఖంతోనే మొదలవుతుంది. ధృతరాష్ట్రుడు పాండవుల పంచనే పదిహేనేళ్లు ఉంటాడు. ధర్మరాజు ఆయనను గౌరవంగా చూసుకుంటాడు, భీముడు మాత్రం నీ కొడుకులను చంపినవి ఈ చేతులేనని ఆయన చెవిన పడేటట్టు అంటూనే ఉంటాడు. ఆ మాటలు పడలేక ముసలివాళ్లు అడవికి పోతారు. ఒక రాత్రి వ్యాసుడు గంగలో నుంచి చనిపోయిన వీరులందరినీ రప్పిస్తాడు, దివ్యదృష్టి పొందిన ధృతరాష్ట్రుడు కొడుకుల ముఖాలను మొదటిసారి చూస్తాడు. కర్ణుడూ పాండవులూ వైరం మరిచి కలుసుకుంటారు. తెల్లవారేసరికి అందరూ నీటిలోకే వెళ్లిపోతారు. ఆ శాంతికి దొరికిన గడువు ఒక్క రాత్రి.

ఏడవడానికి చోటు లేకపోతే ఏమవుతుందో నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో వెలువరించిన నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ చూపిస్తుంది. తెల్లవాళ్ల రాకతో అక్కడి ఇగ్బో జాతి సమాజం చెదిరిపోయిన కథగా దానిని చదువుతారు, అది సరైన పఠనమే. కానీ కథానాయకుడు ఒకొంక్వో ఇంట్లో పగులు మిషనరీ రాకముందే పడింది. మూడేళ్లు తమ ఇంట్లో పెరిగి, తనను నాన్నా అని పిలిచే ఇకెమెఫునను ఒకొంక్వో, పిరికివాడంటారేమోననే భయంతో, తానే నరుకుతాడు. సంగతి అర్థమైన కొడుకు న్వోయె ఏడవడు, లోపల ఏదో తెగిపోయినట్టు అవుతుంది, అంతే. ఏళ్ల తర్వాత కొత్త మతం పాట విన్నప్పుడు అతణ్ణి లాగింది సిద్ధాంతం కాదు. అడవిలో పారేసిన కవల పిల్లల ఏడుపు గురించీ, ఇకెమెఫున గురించీ ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్నకు ఆ పాటలో జవాబు ఉన్నట్టు అనిపించడం. ఒక సంస్కృతి కూలడానికి బయటి దెబ్బ ఎంత కారణమో, లోపల ఏడవనివ్వని ఇంటి కట్టుబాటు కూడా అంత కారణమని అచెబె దాచకుండా రాశాడు. తన సమాజాన్ని ప్రేమిస్తూనే అంత నిజం రాయడానికి చాలా ధైర్యం కావాలి.

రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా పరిస్థితి వేరు. జైల్లో ఉన్న కొడుకు కోసం ఆమె లెనిన్‌గ్రాడ్‌లో ఆ జైలు ముందు పదిహేడు నెలలు వరుసల్లో నిలబడింది. చలికి పెదవులు నీలంగా మారిన ఒక స్త్రీ, అందరూ గుసగుసగానే మాట్లాడే ఆ చోట, దీనిని మీరు రాయగలరా అని అడిగింది. రాయగలనంది అఖ్మతోవా. ఆ కవితలను కాగితం మీద ఉంచడమే ప్రమాదం కాబట్టి నమ్మకమైన కొందరు స్నేహితులు వాటిని కంఠస్థం చేశారు, కాగితాలను ఆమె కాల్చేసింది. ఆ కవితల మాల ‘రెక్వియమ్’ 1963లో మ్యూనిక్‌లో, సోవియట్ దేశంలో 1987లో మాత్రమే అచ్చయింది. అప్పటికి ఆమె లేదు. తనకు ఎప్పుడైనా స్మారకం కడితే, తాను మూడు వందల గంటలు నిలబడిన ఆ జైలు ముందే కట్టమని అందులో ఆమె కోరింది.

కిందటి ఏడాది అమ్మకు శస్త్రచికిత్స జరిగిన రోజున ఆసుపత్రి వరండాలో బెంచీ ఒక్కటే ఖాళీగా ఉంది. అన్నయ్య ఆ చివర, నేను ఈ చివర కూర్చున్నాం. లోపలికి తీసుకువెళ్లే ముందు నర్సు అమ్మ కళ్లజోడు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాని అద్దాలను చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు, మళ్లీ తుడిచాడు, ఆఖరికి మడిచి మా ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టాడు. అది కింద పడుతుందేమోనని నేను దాని మీద చేయి ఆనించి ఉంచాను. నాలుగు గంటల్లో మేము మాట్లాడుకున్నవి నాలుగైదు మాటలు, అవన్నీ అమ్మ రక్తపోటు గురించే.

ఇంటి సంగతి ఇంకా తేలలేదు. నేనన్న మాటను ఆయన మరిచిపోలేదు, నేనూ దానిని వెనక్కి తీసుకోలేదు. ఆదివారాలు మాత్రం ఫోన్ చేస్తున్నాడు. మందులు అయిపోయాయా, అమ్మ నడుస్తోందా అని అడుగుతాడు. మొన్న అమ్మ విషయాలన్నీ అయిపోయాక కూడా ఫోన్ పెట్టేయలేదు. నాన్నగారి చేతిగడియారం నీ దగ్గరే ఉందా అన్నాడు. ఉంది అన్నయ్యా, వచ్చే ఆదివారం తెస్తానన్నాను.